కళింగాంధ్ర దర్శనం

పాఠ్యభాగ ఉద్దేశం

ఒక ప్రాంతపు నైసర్గిక స్వరూపానికీ, అక్కడి ప్రజల వృత్తులు, కళలు, పండుగలు, భాషలకూ గల సంబంధాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం. యాత్ర వినోదంతో పాటు విజ్ఞానాన్ని కూడా ఇస్తుందని, యాత్రికునికి సైతం కొన్ని బాధ్యతలు ఉన్నాయని విద్యార్థులు దీని ద్వారా గ్రహిస్తారు.

ప్రక్రియ

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. ఏదైనా ఒక విషయాన్ని గ్రహించి, దానికి సంబంధించిన అంశాలను క్రమబద్ధంగా, సప్రమాణంగా వివరించే రచనను వ్యాసం అంటారు. వ్యాసంలో విషయ వివరణతో పాటు ఆలోచనకు కూడా ప్రాధాన్యం ఉంటుంది.

పాఠం

ఆంధ్రప్రదేశ్ పటాన్ని పరిశీలిస్తే ఈశాన్యపు కొసన ఒక సన్నని భూభాగం మనకు కనిపిస్తుంది. దానికి తూర్పున బంగాళాఖాతం, పడమటి వైపు తూర్పు కనుమలు, ఉత్తరాన ఒడిశా రాష్ట్రం ఎల్లలుగా ఉన్నాయి. ఈ భూభాగాన్ని మనం ఉత్తరాంధ్ర అని వ్యవహరిస్తున్నాం. ప్రాచీన కళింగ దేశంలో అంతర్భాగంగా ఉండడం వల్ల దీనికి కళింగాంధ్ర అనే పేరు కూడా ప్రసిద్ధమైనది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు ఏర్పడిన తరువాత చిరకాలం ఇది మూడు జిల్లాల సీమగా ఉండేది. 2022లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో అనకాపల్లి, పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు జిల్లాలు కూడా అవతరించాయి.

విశాఖపట్నం సముద్రతీరాన సూర్యోదయం చూచి బయలుదేరిన యాత్రికుడు మధ్యాహ్నానికి అరకులోయ చేరగలడు. నూరు కిలోమీటర్లకు కొంచెం మించిన ఆ దారిలోనే అతడు ఉప్పుగాలి వీచే తీరాన్ని, చెరువుల కింద పండే వరిపొలాలను, మబ్బులు తాకే కొండలను చూస్తాడు. సముద్రమట్టం నుండి సుమారు 900 మీటర్ల ఎత్తుకు చేరుకుంటాడు. మారినది ప్రకృతి ఒక్కటే కాదు. మాట తీరు, కట్టు, తిండి, పాట అన్నీ మారుతాయి. ఇంత తక్కువ దూరంలో ఇంత వైవిధ్యం ఉండడమే ఈ సీమ ఆకర్షణకు మూలం. ఆ ఆకర్షణ వల్ల ఏటేటా యాత్రికుల సంఖ్య పెరుగుతున్నది. అయితే వచ్చినవారు ఇక్కడి నుండి ఏమి గ్రహించి పోతున్నారు? ఇక్కడ ఏమి మిగిల్చి పోతున్నారు? ఈ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకొని ఈ ప్రాంతాన్ని దర్శిద్దాం.

తీరం, మైదానం, మన్యం

ఉత్తరాంధ్రను స్థూలంగా మూడు భాగాలుగా విభజించవచ్చు. సముద్రాన్ని ఆనుకొని ఉన్నది తీరప్రాంతం. దాని వెనుక ఉన్నది మైదానం. ఆ పైన ఉన్న కొండలోయల సీమను మన్యం అంటారు. రాష్ట్రంలోని అత్యున్నత శిఖరాలు ఈ మన్యంలోనే ఉన్నాయి. వాటిలో కొన్ని 1,600 మీటర్లకు మించినవి.

ఈ మూడు భాగాలనూ కలిపేవి నదులు. వంశధార, నాగావళి నదులు ఒడిశా కొండలలో జన్మించి శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని చేరుతాయి. చంపావతి, గోస్తని, శారద, వరాహ నదులు తూర్పు కనుమల నుండి దిగివస్తాయి. ఇవి గోదావరి, కృష్ణల వలె సుదీర్ఘమైన నదులు కావు. కొండల మీద వాన కురిస్తే ఉప్పొంగుతాయి, వేసవిలో సన్నగిల్లుతాయి. అందువల్ల కొండ మీది అడవి పచ్చగా ఉన్నంతకాలమే కింది పొలానికి నీరు నిలకడగా అందుతుంది. మన్యపు అడవికీ, మైదానపు అన్నానికీ ఉన్న ఈ సంబంధాన్ని ఇక్కడి రైతులు అనుభవం వల్ల ఎరుగుదురు.

నదులు చేసే పనినే వేరొక విధంగా సంతలు చేస్తాయి. మన్యంలో వారానికి ఒకసారి జరిగే సంతకు గిరిజనులు చింతపండు, తేనె, పసుపు, అడ్డాకులు వంటి అటవీ, వ్యవసాయ ఉత్పత్తులు తెస్తారు. మైదానం నుండి ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, పనిముట్లు కొండెక్కుతాయి. సంత కేవలం వ్యాపార స్థలం కాదు. దూరపు గూడేలలోని బంధువులు కలుసుకునేదీ, పెళ్లి మాటలు జరిగేదీ అక్కడే. తూకంలోనూ, ధరలోనూ గిరిజనులు మోసపోకుండా కాపాడే ఆశయంతో 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది.

కడలి అంచున

విశాఖపట్నం ఈ తీరానికి శిరోభూషణం. సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన డాల్ఫిన్ నోస్ కొండ కెరటాల తాకిడిని అడ్డుకొనడం వల్ల ఇక్కడ సహజమైన నౌకాశ్రయానికి అవకాశం కలిగింది. 1933లో నౌకాశ్రయం ప్రారంభమైనది. 1941లో నెలకొన్న నౌకానిర్మాణ కేంద్రంలో తయారైన 'జల ఉష' అనే నౌకను 1948లో నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. సేవా విరమణ చేసిన 'కుర్సుర' జలాంతర్గామిని తీరం మీదికి చేర్చి, 2002లో ప్రదర్శనశాలగా మార్చారు. నావికులు ఎంత ఇరుకైన చోట నెలల తరబడి జీవిస్తారో దాని లోపలికి వెళ్లి చూచినవారికి తెలుస్తుంది.

విశాఖ నుండి భీమునిపట్నం పోయే దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. వేల సంవత్సరాల పాటు గాలి, నీరు, సముద్రమట్టపు హెచ్చుతగ్గులు కలిసి ఈ ఇసుక మేటలను నిర్మించాయి. ఇసుకలోని ఇనుము ఆక్సీకరణం చెందడం వల్ల వీటికి ఎర్రని రంగు వచ్చింది. వాన నీరు కోసిన లోతైన చాళ్లు వీటి మధ్య చిట్టడవి వలె అల్లుకొని ఉంటాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ 2014లో వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. కాని ఈ దిబ్బలు రాతి కొండలు కావు. వదులైన ఇసుక మేటలు. వాటి గోడల మీదికి ఎక్కినా, పేర్లు చెక్కినా, పక్కన నేల చదును చేసి నీటి దారి మళ్లించినా కరిగిపోతాయి. ప్రకృతి వేల ఏళ్లు శ్రమించి కట్టిన దానిని మనిషి కొన్నేళ్లలో చెరిపివేయగలడని చెప్పడానికి ఇంతకంటె ప్రత్యక్ష నిదర్శనం వేరే అక్కరలేదు.

భీమునిపట్నం ఒకప్పుడు డచ్చివారి వర్తక స్థానం. వారి సమాధులు నేటికీ అక్కడ ఉన్నాయి. 1861లో పురపాలక సంఘం ఏర్పడిన ఈ పట్టణం దేశంలోని పాత పురపాలక సంఘాలలో ఒకటి. ఇంకా ఉత్తరాన వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఉన్నది. ఆ పేరే ఈ సీమ నౌకావ్యాపార చరిత్రను మనకు గుర్తు చేస్తుంది.

రాళ్లలో నిలిచిన చరిత్ర

ఈ తీరాన్ని చూస్తూ ఉన్న కొండల మీద బౌద్ధ భిక్షువులు విహారాలు నిర్మించుకున్నారు. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, శాలిహుండం, శంకరం వద్ద ఉన్న బొజ్జన్నకొండ వాటిలో ముఖ్యమైనవి. కొండరాతిని తొట్లుగా తొలిచి వాననీటిని నిలువ చేసినందువల్ల తొట్లకొండకు, బావుల వల్ల బావికొండకు ఆ పేర్లు వచ్చాయి. వర్షాకాలంలో భిక్షువులు సంచారం మాని ఒకేచోట నివసించేవారు. ఆ వాననీటినే వారు పొదుపుగా వాడుకున్నారు. నీటి కొరతతో బాధపడే నేటి నగరానికి ఆ కొండ మీది తొట్లు రెండువేల ఏళ్ల నాటి పాఠం చెబుతున్నాయి.

వంశధార తీరంలోని శ్రీముఖలింగం తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారుల అభిప్రాయం. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాల శిల్పసంపద కళింగ వాస్తురీతికి నిదర్శనం. పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్న అనంతవర్మ చోడగంగదేవుడు ఈ వంశపు రాజే. శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో పూజలందుకొంటున్నాడు. అరసవల్లి సూర్యదేవాలయంలో మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని రోజులు ఉదయకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయి. సింహాచలంలో వరాహ నరసింహస్వామి ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండి, అక్షయతృతీయ నాడు మాత్రమే నిజరూప దర్శనం ఇస్తాడు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఈ క్షేత్రాన్ని దర్శించినట్లు ఇక్కడి శాసనం తెలుపుతున్నది.

విజయనగరంలో విజయదశమి వెళ్లిన తరువాత వచ్చే మంగళవారం నాడు పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం జరుగుతుంది. పూజారి పొడవైన చింతమాను కొసన ఆసీనుడై, ఆలయానికీ కోటకూ నడుమ మూడుసార్లు ఊరేగుతాడు. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో అన్నను కోల్పోయిన రాజకుమారి అమ్మవారై వెలసిందని జనశ్రుతి. ఒక యుద్ధపు దుఃఖాన్ని రెండున్నర శతాబ్దాలకు పైగా ప్రజలు పండుగగా స్మరించుకోవడం విశేషం.

మన్యపు దారిలో

కొత్తవలస నుండి కిరండూల్ వరకు గల రైలుమార్గాన్ని బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకు చేర్చడం కోసం 1960ల దశకంలో నిర్మించారు. యాభైకి పైగా సొరంగాలను దాటుతూ సాగే ఆ రైలు నేడు యాత్రికులకు పరమ ప్రియమైనది. 2017లో అద్దాల పెట్టెను కూడా చేర్చడంతో లోయల సౌందర్యాన్ని కూర్చున్న చోటి నుండే చూడగలుగుతున్నారు.

దారిలో బొర్రా గుహలు ఉన్నాయి. వాననీరు గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి స్వల్పంగా ఆమ్ల గుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాతిని కరిగించి గుహలను తొలిచింది. పైకప్పు నుండి రాలే ప్రతి బొట్టూ తనలోని సున్నాన్ని రవ్వంత విడిచిపోతుంది. అలా కప్పు నుండి కిందికి, నేల నుండి పైకి రాతి స్తంభాలు పెరుగుతాయి. ఒక్కొక్క స్తంభం రూపొందడానికి వేల సంవత్సరాలు పడుతుంది. చేతులతో తాకితే అంటుకునే జిడ్డు వల్ల ఆ పెరుగుదల ఆగిపోతుంది. అందుకే అక్కడ తాకవద్దన్న నియమం ఉన్నది.

ఈ గుహల పరిసరాలకు మరొక విశిష్టత కూడా ఉన్నది. అనంతగిరి మండలంలోని గ్రామాలలో గనుల లీజుల మీద నడిచిన 'సమత' కేసులో 1997లో సుప్రీంకోర్టు ఒక చారిత్రక తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాలలోని ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులైన ప్రైవేటు వారికి గనుల తవ్వకానికి లీజుకు ఇవ్వరాదని ఆ తీర్పు సారాంశం. ఈ ప్రాంతాలలో భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదని 1970 నాటి భూబదలాయింపు నిబంధన కూడా శాసిస్తున్నది. కనుక మన్యంలో వసతిగృహం వెలసినా, దుకాణం తెరిచినా, ఆ నేల ఎవరిది, ఆ లాభం ఎవరిది అన్న ప్రశ్న న్యాయమైనది.

అరకులోయలో బగత, కొండదొర, కోటియ, వాల్మీకి, పోర్జ, గదబ మొదలైన గిరిజన తెగలవారు నివసిస్తున్నారు. చైత్రమాసంలో ఇటుకల పండుగ జరుపుకొంటారు. స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకొని, డప్పుల లయకు అనుగుణంగా అడుగులు కలుపుతూ ధింసా నృత్యం చేస్తారు. ఇది ఒకరి నైపుణ్యాన్ని ప్రదర్శించే నృత్యం కాదు. ఊరంతా కలిసి వేసే అడుగు. పండుగలలోనూ, పెళ్లిళ్లలోనూ పుట్టిన ఈ నృత్యాన్ని నేడు యాత్రికుల కోసం విడిగా ప్రదర్శిస్తున్నారు. దానివల్ల కొన్ని కుటుంబాలకు ఆదాయం లభిస్తున్నది. నాట్యం చేసేవారికి తగిన ప్రతిఫలమూ, గౌరవమూ దక్కినప్పుడే ఆ ప్రదర్శన సార్థకమవుతుంది.

మన్యంలో పెద్ద చెట్ల నీడన కాఫీ తోటలు పెరుగుతున్నాయి. ఆ చెట్లకే మిరియాల తీగలు అల్లుకుంటాయి. అడవిని నరికి, కాల్చి, నేలను మార్చుకుంటూ చేసే పోడు వ్యవసాయానికి బదులు, చెట్టును నిలిపితేనే పండే పంట గిరిజన రైతుకు దొరికింది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. శీతకాలపు ఆరంభంలో వలిసె పూలు లోయనంతా పసుపు పచ్చగా మారుస్తాయి. యాత్రికులు వాటి నడుమ నిలబడి ఛాయాచిత్రాలు తీసుకోవాలని ఉత్సాహపడతారు. అయితే వలిసె నూనెగింజల పంట. ఒక్కొక్కరి అడుగు కింద నలిగే మొక్కలు కొన్నే కావచ్చు. వందలమంది నడిచిన తరువాత రైతుకు మిగిలేది గడ్డి మాత్రమే. గట్టు మీద నిలిచి చూచినా ఆ పూల అందం తగ్గదు.

చింతపల్లికి సమీపంలోని లంబసింగి చలికి ప్రసిద్ధి. ఈ కొండలలోనే అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యవాసులు 1922 నుండి 1924 వరకు ఆంగ్లేయులతో పోరాడారు. అడవిలోకి పోనివ్వని చట్టాలు, కూలి చెల్లించకుండా దారులు వేయించిన అధికారుల దౌర్జన్యం ఆ తిరుగుబాటుకు కారణాలు. మనం నేడు సుఖంగా ప్రయాణించే ఘాటు రోడ్ల వెనుక వారి చెమట ఉన్నదని మరువరాదు.

చేతులలోని విద్య

ఉత్తరాంధ్ర హస్తకళలకు కూడా పుట్టినిల్లు. వరాహ నదీతీరాన ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి లక్కబొమ్మలు చేస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను ఒత్తి పట్టుకుంటే, రాపిడికి పుట్టిన వేడితో అది కరిగి కర్రను అంటుకుంటుంది. పసుపు, నీలి, జాఫ్రా గింజలు మొదలైన వాటి నుండి తీసిన సహజ వర్ణాలను వాడడం వల్ల పసిపిల్లలు నోట పెట్టుకున్నా హాని లేదు. 2017లో ఈ కళకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ వర్ణాల పునరుద్ధరణకు కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు ఖద్దరు గాంధీజీ ప్రశంసకు పాత్రమైనది. అక్కడి స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఒంటి కదురు రాట్నం మీద అతి సన్నని నూలు వడుకుతారు. బొబ్బిలిలో పనస దుంగను తొలిచి, అతుకు లేకుండా ఒకే కర్రతో వీణను మలుస్తారు. ఈ మూడు కళలకూ నేడు ఒకే రకమైన ఆపద వచ్చి పడింది. అంకుడు కర్ర దొరకడం కష్టమవుతున్నది. పెద్ద పనసమాను అరుదవుతున్నది. పొందూరులో నూలు వడికేవారిలో వయసు మళ్లిన స్త్రీలే అధికం. దినమంతా వడికినా చాలినంత కూలి రాని పనిని కూతుళ్లు నేర్చుకోవడం లేదు. కొనేవారు బేరం చేసి తగ్గించిన ప్రతి రూపాయీ ఆ కూతురి నిర్ణయంలో భాగమవుతుంది. అడవి తగ్గితే బొమ్మ తగ్గుతుంది; కూలి తగ్గితే విద్య తగ్గుతుంది. ఈ సత్యం తెలిసిన యాత్రికుడు కొన్న ఒక చిన్న బొమ్మ కూడా ఆ కళకు ఊపిరి పోస్తుంది.

మాటకూ పాటకూ నెలవు

తెలుగు భాషా సాహిత్యాలకు ఈ సీమ చేసిన సేవ అపారం. గిడుగు రామమూర్తి సవర భాషను నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు రచించారు. లిపి లేని భాషలో మాట్లాడే పిల్లలకు వారి మాటలలోనే చదువు చెప్పాలని తపించిన ఆ మహనీయుడే తెలుగులో వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపారు. నేడు మనం చదువుతున్న పాఠాల భాష ఆ ఉద్యమ ఫలమే. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

గురజాడ అప్పారావు విజయనగరంలో ఉండి 'కన్యాశుల్కం' రచించారు. 1892లో అది తొలిసారి ప్రదర్శితమైనది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1919లో స్థాపితమైన విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు. మహాకవి శ్రీశ్రీ విశాఖపట్నంలో జన్మించారు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో 'కథానిలయం' నెలకొల్పి, తెలుగు కథలను ఒకచోట చేర్చారు. ప్రజల కళలైన తప్పెటగుళ్లు, తూర్పు భాగవతం, జముకుల కథ పల్లెలను నేటికీ అలరిస్తున్నాయి. తప్పెటగుళ్ల కళాకారులు రేకు వాయిద్యాలను రొమ్ముకు కట్టుకొని, వాయిస్తూ, పాడుతూ, ఎగురుతూ ఆడతారు. ఈ సీమ రుచులలో మాడుగుల హల్వా, అనకాపల్లి బెల్లం, పలాస జీడిపప్పు పేరు పొందినవి.

గాయాలు, ఆశలు

సౌందర్యం ఉన్న చోట కష్టం ఉండదని భావించరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ నగరాన్ని అతలాకుతలం చేసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం ప్రాంతంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. పంట పోతే మరుసటి ఏడు మళ్లీ విత్తవచ్చు. కూలిన కొబ్బరి చెట్టు స్థానంలో నాటిన మొక్క కాపుకు రావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో అనేక కుటుంబాలు పనుల కోసం దూర నగరాలకు వలస పోవలసి వచ్చింది. ఇదే ఉద్దానాన్ని మూత్రపిండాల వ్యాధి చిరకాలంగా పీడిస్తున్నది. 2023లో పలాసలో ఈ వ్యాధికి పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

ఉన్న ఊరిలోనే జీవనాధారం దొరికితే ఎవరూ వలస పోరు. అందుకు పర్యాటకం ఒక మార్గం కాగలదు. అయితే దానివల్ల వచ్చే ఆదాయం స్థానికులకు చేరాలి. గ్రామస్థుని ఇంట బస చేయడం, స్థానికుణ్ణి దారి చూపేవానిగా పెట్టుకోవడం, చేసినవారి చేతి నుండే వస్తువు కొనడం వంటివి చిన్న పనులుగా కనిపించవచ్చు. కాని ఒక కుటుంబం ఊరిలో నిలవడానికి అవి తోడ్పడతాయి. ప్లాస్టిక్ సీసాలను, సంచులను కొండ మీద విడిచి రాకపోవడం, అనుమతి లేకుండా ఎవరి ఛాయాచిత్రమూ తీయకపోవడం, వారి దేవతలనూ ఆచారాలనూ పరిహసించకపోవడం యాత్రికుని కనీస ధర్మాలు.

ఈ ధర్మాన్ని ఎలా పాటించాలో శ్రీకాకుళం జిల్లా పల్లెలే మనకు నేర్పుతున్నాయి. తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ఇచ్ఛాపురం వద్ద ఉన్న తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు ఏటా వలస వస్తాయి. ఇళ్ల నడుమ ఉన్న చెట్ల మీదనే అవి గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, రెక్కలు వచ్చాక తీసుకుపోతాయి. గ్రామస్థులు వాటి రాకను శుభసూచకంగా భావిస్తారు. వాటికి హాని చేయరు, చేయనివ్వరు. ఆ పక్షులను చూడడానికే నేడు దూర ప్రాంతాల నుండి జనం ఆ ఊళ్లకు వస్తున్నారు. వచ్చే వలస పక్షికి చోటు ఇచ్చిన ఆ పల్లెలు, వచ్చే యాత్రికుని నుండి కోరేది కూడా అధికం కాదు. గూడు చెదరకుండా చూచి వెళ్లమని మాత్రమే.

కఠిన పదాలకు అర్థాలు

నైసర్గిక = సహజమైన, ప్రకృతి సిద్ధమైన
మన్యం = కొండలు, అడవులతో కూడిన ప్రాంతం
శిరోభూషణం = తలకు అలంకారం; మిక్కిలి ముఖ్యమైనది
జలాంతర్గామి = నీటి లోపల పయనించే నౌక
జనశ్రుతి = ప్రజలు చెప్పుకొనే మాట
గూడెం = గిరిజనుల నివాసం
తరిణి = కర్రను తిప్పుతూ నునుపు చేసే సాధనం
కదురు = రాట్నంలో నూలు చుట్టుకొనే ఇనుప పుల్ల

వ్యాకరణాంశాలు

సంధులు
ఉత్తరాంధ్ర = ఉత్తర + ఆంధ్ర : సవర్ణదీర్ఘ సంధి
జీవనాధారం = జీవన + ఆధారం : సవర్ణదీర్ఘ సంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం : గుణసంధి
అత్యున్నత = అతి + ఉన్నత : యణాదేశ సంధి

సమాసాలు
నదీతీరం = నది యొక్క తీరం : షష్ఠీ తత్పురుష సమాసం
ఎర్రమట్టి = ఎర్రనైన మట్టి : విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
కొండలోయలు = కొండలును, లోయలును : ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఉత్తరాంధ్రలోని తీరం, మైదానం, మన్యం పరస్పరం ఎలా ఆధారపడి ఉన్నాయో వివరించండి.
2. ఉత్తరాంధ్ర హస్తకళల విశిష్టతను, అవి ఎదుర్కొంటున్న ఆపదను తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఎర్రమట్టి దిబ్బలను ఎందుకు కాపాడుకోవాలి?
2. 'సమత' తీర్పు ప్రాముఖ్యం ఏమిటి?
3. గిడుగు రామమూర్తి భాషాసేవను తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. తొట్లకొండకు ఆ పేరు ఎలా వచ్చింది?
2. బొబ్బిలి వీణను ఏ కర్రతో చేస్తారు?
3. కథానిలయాన్ని నెలకొల్పినవారు ఎవరు?

ఈ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "గట్టు మీద నిలిచి చూచినా ఆ పూల అందం తగ్గదు."
2. "అడవి తగ్గితే బొమ్మ తగ్గుతుంది, కూలి తగ్గితే విద్య తగ్గుతుంది."

ఉ) ప్రాజెక్టు పని
మీ జిల్లాలో యాత్రికులు ఎక్కువగా సందర్శించే ఒక ప్రదేశానికి వెళ్లి, అక్కడి దుకాణదారులతో, చేతివృత్తుల వారితో మాట్లాడండి. పర్యాటకం వల్ల వారికి కలిగిన మేలు, కీడులను గురించి ఒక నివేదిక రాయండి.